రిస్పెరిడోన్ ఉండగా అరిపిప్రజోల్ కూడా ఎందుకు?

కృష్ణలంక: మా చెల్లి మానసిక జబ్బుకి రిస్పెరిడోన్, వణుకు రాకుండా ట్రైహెక్సీఫెనిడిల్ కలిసిన బిళ్ళ వాడుతోంది. నెలసరి ఆగింది. ప్రొలాక్టిన్ అనే పాలు పట్టించే హార్మోన్ బాగా పెరిగిందని డాక్టరు అదే జబ్బుకిచ్చే అరిపిప్రజోల్ కూడా రాశారు. ఒక్క జబ్బుకి ఇన్ని మందులా? కమీషన్ కోసమేగా?

మందులషాపు: కాదండీ. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిలో ప్రొలాక్టిన్‌ని అణిచి ఉంచేది డోపమైన్ అనే మెదడు రసాయనమే. రిస్పెరిడోన్ అక్కడ డోపమైన్ అతుక్కునే డీ2 రిసెప్టర్లకు అడ్డం పడితే ఆ అదుపు పోతుంది. అరిపిప్రజోల్ అదే డీ2ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది గానీ పూర్తిగా మూసెయ్యదు, కొంత పని జరగనిస్తుంది. దాంతో ప్రొలాక్టిన్ దిగుతుంది.

గోదారోడు: ఒకరు తలుపేస్తే ఒకరు తీసినట్టుంది వైద్యం! మా బావకీ ఇలాగే దోసెడు రాశారు. చేతులు వణికి కాఫీ గ్లాసు సాసర్‌లో పెట్టుకుని తాగుతున్నాడు.

మందులషాపు: వణుకు వేరే సంగతి. రిస్పెరిడోన్ లాంటివి డీ2ని సుమారు 80 శాతం మించి మూస్తే వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. అరిపిప్రజోల్‌కి ఈ లెక్క పనికిరాదు. బావగారు గ్యాస్ బిళ్ళ వేసుకుంటారా?

గోదారోడు: రోజూ పరగడుపున. దానికీ దీనికీ సంబంధమేంటండీ?

మందులషాపు: స్ట్రిప్పు మీద రాబెప్రజోల్ పక్కన లెవోసల్పిరైడ్ అని ఉందేమో చూడండి. అదీ డీ2కి అడ్డుపడేదే.

గోదారోడు: అంటే మళ్ళీ తప్పు మాదే! రాసింది మీ డాక్టర్లు కాదూ?

అమలాపురం: డిప్రెషన్‌కిచ్చే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ఉన్నా డాక్టరుకి చెప్పాలి. రిస్పెరిడోన్‌ని విరగ్గొట్టే సీవైపీ2డీ6 ఎంజైమ్‌ని అవి ఆపుతాయి, రక్తంలో మందు పెరుగుతుంది.

కృష్ణలంక: ఈ గ్యాస్ గోల నాకెందుకు? రిస్పెరిడోన్ ఆపేసి రెండోదొక్కటే వెయ్యొచ్చా, లేదా?

మందులషాపు: డాక్టరైతే మెల్లగా మార్చొచ్చు. మీరు మాత్రం ఆపకండి, తిరగబెడుతుంది. అయినా అంత తొందరేంటి?

కృష్ణలంక: మాఘంలో పెళ్ళి. ఒక్క బిళ్ళయితే విటమిన్ అని చెప్పుకోవచ్చు. ఇన్ని పట్టుకెళ్తే అత్తారింట్లో ఏం చెప్తుంది?

అమలాపురం: ఇదా అసలు సంగతి! ఇంతసేపూ డాక్టర్ని తిట్టింది ఇందుకా? నన్నూ అలాగే పంపారు. దాచుకోలేక మానేశాను, పురిటికి కాదు, పిచ్చాసుపత్రికి వచ్చాను పుట్టింటి ఊరు. చెల్లిని అడిగారా?

కృష్ణలంక: మీ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉంటే తెలిసేది.

అమలాపురం: ఆ పిల్లనే చెప్తున్నా. అడిగావా, లేదా?

గోదారోడు: మందులషాపు గారూ, స్ట్రిప్పు చూశాను. లెవోసల్పిరైడ్ 75 అని ఉంది. ముందు ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలి, పొట్టకా, తలకా?