తిన్నింటి వాసాలే ఎందుకు లెక్కపెట్టాలి?

మొన్న ఇక్కడ “తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం” మీద మాటలు నడిచాయి. అన్నం పెట్టినవాళ్ళకే కీడు తలపెట్టడం అన్న అర్థం మీద ఎవరికీ పేచీ లేదు. కానీ ఒక అక్క వేసిన ప్రశ్న నన్ను వదల్లేదు. లెక్కపెట్టడానికి ఇంటికప్పును మోసే ఈ కర్రలే, ఈ వాసాలే ఎందుకు? గొడ్లున్నాయి, గాదెలున్నాయి, ఇత్తడి బిందెలున్నాయి. వాసాలు లెక్కపెట్టి ఏం చేసుకుంటాడు?

నాకు జవాబు ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి పబ్‌లో భోంచేసి కూర్చున్నప్పుడు తట్టింది. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

వూస్టర్‌షైర్‌లో ఈవ్‌షామ్ దగ్గర బ్రెట్‌ఫర్టన్ అనే ఊరుంది. ఆ ఊళ్ళో పబ్ పేరు ఫ్లీస్ ఇన్. ఫ్లీస్ అంటే గొర్రె ఒంటి మీద నుంచి కత్తిరించిన ఉన్ని. 1400 ప్రాంతంలో బర్డ్ అనే రైతు కుటుంబం కట్టుకున్న ఇల్లది. అప్పట్లో మనుషులూ గొడ్లూ ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు. 1848లో ఆ కుటుంబంవాళ్ళే లైసెన్సు తీసుకుని అందులో బీరు అమ్మడం మొదలుపెట్టారు.

ఆ ఇంట్లో కప్పు బరువు గోడల మీద పడదు. మోసేదంతా కర్రే. ముందు రాతి పునాది మీద అడ్డదూలం పరుస్తారు, దాని మీద నిలువు కంబాలు, పైన మళ్ళీ దూలాలు. ఓక్ చెట్టు కొట్టాక ఎండబెట్టకుండా పచ్చి కర్రనే చెక్కేవాళ్ళు, ఎండితే ఉలి దిగదు కాబట్టి. ఒక కర్ర కొసను సన్నగా చెక్కి, రెండో కర్రకు తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా ఓక్ మేకు దిగ్గొడతారు. చట్రంలో ఇనుముతో పెద్దగా పని లేదు. వడ్రంగి తన దొడ్లోనే చట్రం కూర్చి చూసుకుని, ఏ కర్ర ఎక్కడికో తెలిసేలా అతుకుల దగ్గర రోమన్ అంకెలు గీసి, విప్పి బండికెత్తి తీసుకొచ్చి నిలబెట్టేవాడు. పాత ఇళ్ళలో ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పచ్చి కర్ర ఇంట్లోనే ఏళ్ళ తరబడి ఎండుతూ మెలితిరుగుతుంది కాబట్టి ఆ ఇళ్ళు కొంచెం ఒరిగినట్టు కనిపిస్తాయి, అంతేగానీ కూలిపోయేలా ఉన్నాయని కాదు.

కంబాల మధ్య ఖాళీలను పూడ్చింది తడికతో. అచ్చం మన తడికే. ఓక్ పుల్లలు నిలబెట్టి, హేజెల్ చెట్టు లేత కొమ్మలు అల్లి, రెండు వైపులా మట్టి, పేడ, గడ్డి కలిపి మెత్తి, పైన సున్నం కొట్టడం. పేడ అని విన్నప్పుడు మా అమ్మమ్మ ఇల్లు అలికే చెయ్యి కళ్ళ ముందు ఆడింది. నల్ల కర్ర, తెల్ల గోడ అని మనం ఫొటోల్లో చూసే ఆ నలుపు చాలాచోట్ల 19వ శతాబ్దంలో పూసిన రంగు. ఓక్‌ను దాని మానాన వదిలేస్తే వెండి బూడిద రంగుకు తిరుగుతుంది.

ఇక అసలు సంగతి. ఆ దేశంలో డబ్బున్నవాళ్ళు ఇంటి ముందు గోడకు అవసరానికి మించి కంబాలు నిలబెట్టించేవాళ్ళు. కంబానికీ కంబానికీ మధ్య ఖాళీ దాదాపు కంబం వెడల్పే. బరువు మొయ్యడానికి అన్ని అక్కర్లేదు, దారిన పోయేవాడు చూడ్డానికి. ఓక్ ఖరీదైనది కాబట్టి ఎన్ని కర్రలుంటే అంత కలిగినవాడని లెక్క. ఇంగ్లండ్‌లోనే లడ్లో అనే ఊళ్ళో ఫెదర్స్ అని 1619లో కట్టిన ఇల్లుంది, తర్వాత సత్రంగా మారింది. దాని ముఖమంతా చెక్కుడు కర్రే, వెలితి అనేది కనపడదు.

అది చూశాకే మన జాతీయం నాకు తెరుచుకుంది. పూరింటికైనా పెంకుటింటికైనా లోపల కప్పుకు అడ్డేమీ ఉండదు. తిని నడుం వాల్చినవాడి కళ్ళకు ఎదురుగా కనిపించేవి వాసాలే. గాదె ఇంటివాళ్ళు మూసిపెట్టుకోగలరు, వాసాలను దాచలేరు. ఎన్ని వాసాలుంటే అంత పెద్ద ఇల్లు. చుట్టంలా పడుకుని ఇంటివాళ్ళ కలిమిని కొలుస్తున్నాడన్నమాట. ఆ చూపులోనే ద్రోహం మొదలైందని మనవాళ్ళు పట్టుకున్నారు.

వ్యాఖ్య: మాస్టారూ, బాగుంది కానీ ఒక సందేహం. పబ్‌లో మీరు చూసినవి దూలాలు, దంతెలు అయ్యుంటాయి. నడికొప్పు నుంచి చూరుకు ఏటవాలుగా దిగేదే కదా వాసం? రెండూ ఒకటి కావు.

జవాబు: నిజమే తమ్ముడూ, పట్టుకున్నందుకు సంతోషం. కింద కూర్చుంటే కనిపించేవి దూలాలే. కానీ ఆ కాలపు ఇళ్ళలో నడిమి గదికి మొదట పై అంతస్తు ఉండేది కాదు. నేల మధ్యలో పొయ్యి, పొగ కప్పులోంచి బయటికి. పొగగొట్టాలు, మేడలు చాలా ఇళ్ళకు 16, 17 శతాబ్దాల్లో చేర్చినవి. అటక ఎక్కి చూస్తే మసిబారిన వాసాలు దొరుకుతాయి. మసి ఉంటే ఒకప్పుడు కింద పొయ్యి, పైన కప్పు తప్ప ఏమీ లేవని చరిత్రకారులు తేలుస్తారు. వాసాలు చూసి ఇంటి వయసు చెప్పడమన్నమాట, ఇది మంచి లెక్క.

వ్యాఖ్య: పబ్‌ని “తిన్నిల్లు” అనడం నాకు మింగుడు పడటం లేదండీ. హైదరాబాద్‌లో పబ్ అంటే డీజే, లైట్లు.

జవాబు: ఆ మాట మన దగ్గరికి సగమే వచ్చింది అక్కా. పూర్తి మాట పబ్లిక్ హౌస్, అంటే ఊరందరి ఇల్లు. “మధుశాల” అంటే ఇల్లు పోతుంది, “సారా దుకాణం” అంటే మర్యాద పోతుంది. నాకైతే “పూటకూళ్ళ ఇల్లు” దగ్గరగా అనిపిస్తుంది. ఓరుగల్లులో ఒక రూకకు కమ్మని భోజనం పెట్టిన పూటకూళ్ళ ఇల్లు క్రీడాభిరామంలో ఉంది కదా, అక్కడా “ఇల్లు” అన్న మాట పోలేదు.

ఫ్లీస్‌లో అది మాటవరసకు కాదు. ఆ కుటుంబంలో చివరి మనిషి లోలా టాప్లిన్ 1977లో పోయే దాకా అక్కడే ఉండి పబ్ నడిపింది. ఇంటిని, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చింది. 2004లో గడ్డి కప్పుకు నిప్పంటుకుంటే బాగుచేసి మరుసటి ఏడు మళ్ళీ తెరిచారు. పొయ్యిల ముందు నేల మీద సుద్దతో గీసిన తెల్లని వలయాలుంటాయి, పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగకుండా అట. గడప ముందు ముగ్గు చూస్తూ పెరిగినవాణ్ణి, వాటి మీద అడుగు వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చున్నాను.