యావజ్జీవం పడ్డవాడికి అప్పీలులో బెయిల్ వస్తుందా? మేం అభ్యంతరం చెప్పొచ్చా?

అందరికీ నమస్కారం. మా అక్కను చంపిన కేసులో మా బావకు సెషన్స్ కోర్టు 302 కింద యావజ్జీవ శిక్ష వేసింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. తీర్పు రోజు అమ్మ "ఇక అయిపోయింది కదరా" అంది. ఇప్పుడేమో హైకోర్టులో అప్పీలు వేశాడట, అది తేలేదాకా శిక్ష నిలిపేసి బెయిల్ ఇమ్మని పిటిషన్ కూడా పెట్టాడట.

ఉరిశిక్షయితే హైకోర్టు ఖరారు చేయనిదే అమలు కాదని, యావజ్జీవానికి దోషే అప్పీలు చేసుకోవాలని తెలుసు. 14 ఏళ్లు జైల్లో ఉంటేగానీ ప్రభుత్వం శిక్ష తగ్గించి వదలదని కూడా విన్నాను. ఈ బెయిల్ సంగతే అంతుబట్టడం లేదు.

అక్క కూతురు మా దగ్గరే ఉంది. తండ్రికి వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పిన పిల్ల. వీధిలో బండి ఆగిన చప్పుడైతే చాలు, లేచి వెళ్లి తలుపు గడియ చూసి వస్తుంది. వాడు బయటికొస్తే ఈ పిల్లకి ఏం చెప్పాలి?

హైకోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదిస్తే సరిపోతుందా, మా తరఫున వేరే లాయరును పెట్టుకోవచ్చా? ఆడవాళ్లకి న్యాయ సేవల సంస్థ ఉచితంగా లాయరునిస్తుందంటారు, అమ్మ పేరుతో అడగాలంటే ఎక్కడ దరఖాస్తు పెట్టాలి? బెయిల్ ఇచ్చినా పాప ఉన్న ఊళ్లోకి రాకూడదని షరతు పెట్టించగలమా? ఇలాంటి కేసులు చూసినవాళ్లు దయచేసి త్వరగా చెప్పండి, పిటిషన్ ఎప్పుడైనా విచారణకు రావచ్చు.