లిస్టింగ్‌లో మీరు ముందు ఏం చూస్తారు?

అద్దింటోడు:
బాచుపల్లి, నిజాంపేట (హైదరాబాద్) వైపు కొనడానికి 2 బీహెచ్‌కే ఫ్లాట్ వెతుకుతున్నామండి. రాత్రి అన్నాలు తిన్నాక ఇద్దరం ఫోన్లు పట్టుకుని కూర్చోవడమే పని, మా ఆవిడ ఈస్ట్ ఫేసింగ్, పూజ గది అంటుంది, నేను రేటు ఫిల్టర్ పెట్టి చూస్తా. క్లబ్‌హౌస్, జిమ్ గురించి పేజీలు రాస్తారు గానీ పనికొచ్చే ముక్క ఒక్కటి ఉండట్లేదు. బ్రోకర్‌కి ఫోన్ కొట్టకముందే మీరు ఏం చూసి పక్కన పెట్టేస్తారు?

లెక్కలబాబాయ్:
కార్పెట్ ఏరియా (ఇంటి లోపల మనం వాడుకునే చోటు) రాయకపోతే నేను కిందికి కూడా స్క్రోల్ చెయ్యను. 1200 ఎస్‌ఎఫ్‌టీ అని పెద్దక్షరాల్లో వేస్తారు, అందులో బయటి గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్‌లో మన వాటా అన్నీ కలిపేసుంటాయి. 72 లక్షలంటే అడుగు 6000 అనుకుంటాం కదా, కార్పెట్ 840 అని తేలితే మనం నడిచే చోటుకి పడేది 8571. అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో మన వాటా) ఎన్ని గజాలో కూడా అడగండి, చాలామంది అక్కడే నీళ్లు నములుతారు 😀

కిరణ్:
కొత్త ప్రాజెక్ట్ అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ తెలంగాణ రెరా సైట్‌లో కొట్టి చూడండి, ఎప్పటికి పూర్తి చేస్తామన్నారో అందులోనే ఉంటుంది. 8 ఫ్లాట్లు దాటని చిన్న బిల్డింగులకి రెరా అక్కర్లేదు, కాబట్టి నంబర్ లేదని వెంటనే మోసం అనుకోవద్దు. ప్రీలాంచ్ ఆఫర్ (రెరా నంబర్ రాకముందే అమ్మడం) అంటే మాత్రం నమస్కారం పెట్టేయండి. కట్టేసిన ఫ్లాట్ అయితే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) అడగండి, బిల్డర్ దగ్గర ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ ఉండదు, కడుతుండగా అయితే 5 శాతం (45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకి 1 శాతం).

గేటెడ్ గృహిణి:
అన్నీ చెప్పారు, నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. మంజీరా కనెక్షన్ ఉందా, ఒట్టి బోరేనా, ఏప్రిల్‌లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగుతాయి, ఆ డబ్బులు మెయింటెనెన్స్‌లోనేనా విడిగానా, ఇవి బ్రోకర్‌ని కాదు వాచ్‌మన్‌ని అడగాలి. హాలు ఫొటోలు ఆరు పెట్టి కిచెన్‌ది ఒక్కటీ లేదంటే వాషింగ్ మెషీన్ పెట్టుకోడానికి యుటిలిటీ లేదని నా లెక్క. ఇంకా లేక్ వ్యూ అని ఉంటే ముచ్చటపడిపోకండి, హెచ్‌ఎండీఏ లేక్స్ సైట్‌లో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాప్ తీసి బిల్డింగ్ ఆ హద్దు లోపలుందేమో చూడండి, 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ) వచ్చాక ఇది మరీ ముఖ్యం.

అద్దింటోడు:
మా షార్ట్‌లిస్ట్‌లో లేక్ వ్యూ ఒకటుందండి 😬 ఆ మ్యాప్‌లో సర్వే నంబర్లు ఉంటాయా? లిస్టింగ్‌లో ఆ నంబరే ఇవ్వలేదు.

గేటెడ్ గృహిణి:
ఉంటాయి. సర్వే నంబర్ చెప్పేదాకా సైట్ విజిట్‌కి రామని చెప్పేయండి.