ఐసీడీ పెట్టి ఐదు వారాలైంది, చెయ్యి కదపాలంటే భయం

ప్రశ్న:
గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ కొట్టి సరిచేసే పరికరం (ఐసీడీ) పెట్టారు నాకు, దాన్నించి గుండెలోకి వైర్లుంటాయి. కాలర్ బోన్ కింద అగ్గిపెట్టె అంత బిళ్ళ, తడిమితే చేతికి తగుల్తా ఉంటుంది. వైర్లు కదులుతాయి ఎడమ చెయ్యి భుజం పైకి లేపొద్దు అన్నారు, నేనేమో భయంతో అసలు కదపడమే మానేశా, ఇప్పుడు జడ వేసుకుందామన్నా భుజం పట్టేసింది. కారెక్కితే సీట్ బెల్ట్ సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటోంది. మా ఇంట్లోవాళ్ళయితే మైక్రోవేవ్ ఆన్ చేస్తే చాలు నన్ను హాల్లోకి తరిమేస్తున్నారు. షాక్ కొడితే ఎలా ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి, రాత్రిళ్ళు అదే ఆలోచన.

జవాబు 1:
నాది పేస్‌మేకర్, తొమ్మిదో ఏడు నడుస్తోంది. మైక్రోవేవ్‌తో ఏం కాదమ్మా. ఇండక్షన్ స్టవ్‌కి మాత్రం రెండడుగులు ఎడంగా ఉండండి. నన్నడిగితే అసలు చూసుకోవాల్సింది చిన్న చిన్న అయస్కాంతాలు. ఇయర్‌బడ్స్ డబ్బా మూతలో ఒకటుంటుంది, నాకేం తెలుసు, చొక్కా ఎడమ జేబులో వేసుకుని తిరిగేవాణ్ణి, చెకప్‌లో సిస్టర్ చూసి తీయించింది. ఫోనైనా అంతే, 6 అంగుళాలు దూరం, మాట్లాడేది కుడి చెవి దగ్గర. అయస్కాంతం మరీ దగ్గరికొస్తే మీ ఐసీడీ కొట్టాల్సిన టైంలో షాక్ కొట్టకుండా ఆగిపోవచ్చు, పక్కకి తీసేస్తే మామూలుగా మళ్ళీ పనిచేస్తుంది.

జవాబు 2:
నాకు రెండేళ్ళలో రెండుసార్లు కొట్టిందండీ. మొదటిసారి మెట్లెక్కుతున్నా, లోపల్నించి ఎవరో ఛాతీ మీద ఈడ్చి తన్నినట్టు, చేతిలో గ్లాసు ఎగిరిపోయింది. నొప్పి క్షణమే, కానీ తర్వాత నెల్లాళ్ళు ఆ మెట్లు చూస్తేనే కాళ్ళు వణికేవి, అదీ అసలు బాధ. ఒక్కటి కొట్టి మీరు బానే ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేసి చూపించుకోండి. 24 గంటల్లో రెండోది కొట్టినా, లేదా ఒక్కదానికే కళ్ళు తిరగడం, ఆయాసం, గుండెనొప్పి ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకే, అదీ మీరే బండి నడుపుకుంటూ కాదు. షాక్ టైంలో పక్కనోళ్ళు మిమ్మల్ని పట్టుకునున్నా మహా అయితే చిన్న జిల్లు, అంతే.
భుజం మాత్రం వదిలెయ్యకండి, ఎత్తొద్దన్నారు గానీ కట్టేసుకోమన్లేదు కదా, నేనలాగే ఫ్రోజెన్ షోల్డర్ తెచ్చుకుని ఫిజియోథెరపీ చుట్టూ తిరిగా. ఎంతవరకు కదపొచ్చో మీ డాక్టర్‌నే అడగండి. బెల్ట్ మానొద్దు, కింద మెత్తటి టవల్ మడిచి పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ ఇద్దరికీ. ఇది చదివి లేచి చూశా, నా హ్యాండ్‌బ్యాగ్ బటన్ కూడా అయస్కాంతమే, సోమవారం ఆఫీసుకి దాన్నే ఎడమ భుజానికి తగిలించుకుని బయల్దేరేదాన్ని 🙏