అర్ధ రూపాయి డయోడు లేక ఆగిన బోర్డులు: పాత రకం చిప్పులు మీరెలా తెచ్చుకుంటున్నారు?

టంకం_పొగ:
చర్లపల్లిలో చిన్న యూనిట్ మాది. బోరు మోటారు స్టార్టర్లకి కంట్రోల్ బోర్డులు చేస్తాం. మూడు వందల బోర్డులు ట్రేల్లోనే ఉండిపోయాయి. మైక్రోకంట్రోలరుంది, రిలే ఉంది, ట్రాన్స్‌ఫార్మరుంది. బీఏవీ99 అనే డయోడు (కరెంటుని ఒకే వైపుకి వదిలే చిన్న పార్టు) లేదు! డీలరు 2025 అక్టోబరు నుంచీ "చైనా లొల్లి, వచ్చే వారం" అంటూనే ఉన్నాడు. పాత చిప్పుల మీద నిషేధమే లేదంటారు కదా, మరి ఈ కరువేంటి? (డయోడుని చిప్పంటున్నానని నవ్వకండి, మాకు అన్నీ చిప్పులే.)

సిలబస్_మేడం:
నిషేధం లేకపోవడమే అసలు కథ. 2022 అక్టోబరు 7న అమెరికా పెట్టిన ఆంక్షలు లాజిక్ (లెక్కలు చేసే) చిప్పుల్లో 16/14 నానోమీటర్లు, అంతకన్నా చిన్నవాటికే. ఆ అంకె తగ్గేకొద్దీ చిప్పు కొత్త రకం అన్నమాట. దాంతో చైనా డబ్బంతా 28, ఆ పైన రకాల మీద కుమ్మరించింది. ఆ రకాలు చవకై పోతాయన్న భయంతో అమెరికా 2025 జనవరి నుంచి చైనా సెమీకండక్టర్ల మీద సుంకం 50 శాతం చేసింది. లెక్క ప్రకారం మనకి సరుకు పొర్లిపోవాలి.

స్టుట్‌గార్ట్_చలి:
మేడం గారి లెక్క ఫ్యాబ్ (చిప్పులు చెక్కే ఫ్యాక్టరీ) దాకా సరే. చిప్పు అక్కడితో పూర్తవదు. మీ డీలరు చెప్పేది ఇదేనో కాదో గానీ, అక్టోబరులో మా కార్ల సప్లయర్లందర్నీ వణికించింది నెక్స్‌పీరియా గొడవ. ఇలాంటి డయోడులు చేసే ఆ కంపెనీ నెదర్లాండ్స్‌ది, ఓనరు చైనా వింగ్‌టెక్. సెప్టెంబరు 30న డచ్ ప్రభుత్వం 1952 నాటి చట్టం దుమ్ము దులిపి కంపెనీ మీద చెయ్యేసింది. అక్టోబరు 4న చైనా ఎగుమతులు ఆపేసింది. వేఫర్లు (చిప్పులు చెక్కిన సిలికాన్ పలకలు) హాంబర్గ్‌లో, మాంచెస్టర్‌లో చేస్తారు, కాళ్ళు తొడిగి రీలుకెక్కించే పని చాలావరకు చైనా డాంగ్వాన్‌లో. ఆ నెలాఖరుకి మెక్సికోలో హోండా ప్లాంటు ఆగింది. నవంబరు 19న డచ్చివాళ్ళు ఉత్తర్వు పక్కన పెట్టినా, కంపెనీలో డచ్ ముక్కకీ చైనా ముక్కకీ మధ్య తగవు అలాగే నడిచింది.

గుజరాతీ_గల్లీ:
కోఠీల కూసొని జెప్తున్న, ఇనురి. బీఏవీ99 పది కంపెనీలు జేస్తయి. నీకు దొరకనిది డయోడు కాదన్నా, నీ గిరాకీ రాసిచ్చిన కంపెనీ డయోడు.

టంకం_పొగ:
నిజమే. డ్రాయింగులో కంపెనీ పేరు రాసి ఉంది. మార్చాలంటే మళ్ళీ టెస్ట్ రిపోర్టు, మళ్ళీ సంతకాలు.

గుజరాతీ_గల్లీ:
మార్పించు. గాని తొందరల నకిలీ మాల్ దెచ్చుకోకు. 2021ల ఎస్టీఎం32ఎఫ్103 అనే మైక్రోకంట్రోలరుకు కరువొచ్చినప్పుడు నేనే మునిగిన. పైన లేజరు రాత అచ్చం అసలుదే. డీబగ్గరు (చిప్పు లోపలిది సదివే డబ్బా) తగిలిస్తే 1బీఏ అని మొదలుగావాల్సిన ఐడీ 2బీఏ అని వచ్చింది. 2 వస్తె నకిలీ పక్కా. 1 వచ్చినా ఊకోకు, క్లోన్లల్ల అదే ఐడీ ఇచ్చేటియి గూడ ఉన్నయి. ఇంకోటి, దూదికి అసిటోన్ అద్ది చిప్పు నెత్తి రుద్దు. నల్లరంగు దూదికంటితె రాత మార్చినట్టే.

సిలబస్_మేడం:
అసిటోన్ చిట్కా మా ల్యాబులో పిల్లలకి నేనూ చూపిస్తా. కొత్త రకం నకిలీలకి రంగు ఊడట్లేదు, జాగ్రత్త.

టంకం_పొగ:
అప్‌డేట్. రెండు వారాలు వెంటపడితే కస్టమరు వేరే కంపెనీది ఒప్పుకున్నాడు. నిన్న రీలు వచ్చింది, లేబులు మీద బీఏవీ99 అనే ఉంది. గల్లీ అన్న మాట గుర్తొచ్చి ఒకటి తీసి భూతద్దం కింద పెట్టా. నెత్తిన గుర్తు ఏ7 ఉండాల్సిన చోట ఏ4. అంటే బీఏవీ70! అదే సైజు, అవే మూడు కాళ్ళు, లోపల రెండు డయోడుల కలయిక వేరు. ఎక్కించి ఉంటే మూడు వందలూ పోయేవి. డీలరుకి ఫోన్ చేస్తే, "రెండూ డయోడులే కదా సార్" అన్నాడు.

గుజరాతీ_గల్లీ:
రీలు వాపస్ జెయ్. రేపు పొద్దుగాల దుకాణానికి రా, ఏ7వి ఒక ఆర్నూరు పక్కకు వెడత. భూతద్దం నువ్వే దెచ్చుకో.