పదకొండేళ్లయినా నైట్ షిఫ్ట్ ఒంటికి అలవాటు కాలేదు, ఎవరికైనా అయిందా?

సి షిఫ్ట్ మనిషి:
పంప్ హౌస్‌లో ఆపరేటర్‌ని. ఒక వారం నైట్, తర్వాతి వారం సాయంత్రం, ఆపై పొద్దున, మళ్లీ నైట్. చేరినప్పుడు ‘వయసులో ఉన్నాం, ఏం కాదులే’ అనుకున్నాను. ఇప్పుడు నలభై రెండు. నైట్ దిగి తొమ్మిదికి పడుకుంటే పన్నెండున్నరకే మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత కళ్లు మూసుకోవడమే తప్ప నిద్ర ఉండదు. మా అమ్మాయి టీవీ సౌండ్ పూర్తిగా తీసేసి బొమ్మలు చూస్తుంటుంది, పాపం.

పోయిన నెల ఒకటి జరిగింది. గంటగంటకీ ప్రెషర్ రీడింగ్ లాగ్‌బుక్‌లో రాయాలి. పొద్దున రిలీవర్ చూపించాడు: నాలుగింటి గడిలో మూడింటి అంకెలే ఉన్నాయి. చేతిరాత నాదే, సంతకమూ నాదే. గేజ్ దగ్గరికి వెళ్లిన జ్ఞాపకం మాత్రం లేదు. ఏమీ కాలేదు గానీ అప్పటి నుంచి టెన్షన్. అలవాటవుతుందంటారు, ఎప్పటికి?

వార్డు నర్సు:
అలవాటు పడేది మనసు, ఒళ్లు కాదన్నా. పద్దెనిమిదేళ్ల నైట్ల తర్వాత చెప్తున్నా. నాలుగు గంటల ప్రాంతంలో ఒంటి వేడి బాగా తగ్గిపోతుంది, చురుకూ దాంతోపాటే. ఆ వేళ మందు డోసు నేను ఒక్కదాన్నే లెక్కవేయను, పక్కామెకి పైకి చదివి వినిపిస్తా. మీరూ రీడింగ్ పైకి చదివి రాయండి. రెండు దాటాక కాఫీ వద్దు, అందులో సగం కెఫీన్ పోవడానికే దాదాపు ఐదు గంటలు. ఇంటికెళ్లేటప్పుడు నల్లద్దాలు పెట్టుకోండి. ఎండ కంట్లో పడితే వచ్చే నిద్ర కూడా పోతుంది. నవ్వేవాళ్లు నవ్వనీ.

రోస్టర్ గుమాస్తా:
మీ రోస్టర్ ఉల్టాగా తిరుగుతోంది. మన లోపలి గడియారం సగటున 24 గంటల మీద ఓ పది నిమిషాలు ఎక్కువ. కాబట్టి నిద్రవేళను ఆలస్యం చేయడం తేలిక, ముందుకు లాగడం కష్టం. పొద్దున, సాయంత్రం, నైట్ వరసలో తిప్పమని అడగండి, పైసా ఖర్చు లేని మార్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో రాత్రి షిఫ్టులను ‘బహుశా క్యాన్సర్ కారకం’ వర్గంలో చేర్చింది, 2019లో మళ్లీ అదే చెప్పింది. మీరు భయపడాలని కాదు, పైవాళ్లకి చెప్పడానికి పనికొస్తుందని.

బద్ధకిష్టు:
పర్మనెంట్ నైట్ అడిగేయండి, గొడవే ఉండదు.

సి షిఫ్ట్ మనిషి:
పర్మనెంట్ నైట్ అయితే మా అమ్మాయికి ఆ టీవీ కూడా దక్కదు. వరస మార్చమని నిన్న సూపర్‌వైజర్‌ని అడిగాను. ‘ఇన్నేళ్లూ నడిచింది కదా’ అని నసిగి, అందరి సంతకాలూ తెస్తే ఒక నెల చూద్దామన్నాడు. ఐదుగురు పెట్టారు. మిగతా ముగ్గురూ ఈ వారం నైట్. మధ్యాహ్నం ఫోన్ చేసి లేపబుద్ధి కాలేదు.