డిజిటల్ పియానో: పాలిఫనీ అంకె ముందా, కీస్ ముందా?

కొత్తశ్రుతి: మా అమ్మాయి ఏడాదిగా 61 కీస్ ఉన్న చిన్న కీబోర్డు మీద నేర్చుకుంటోంది. ఇప్పుడు 88 కీస్ డిజిటల్ పియానో కొందామని రెండు మోడల్స్ చూశాం. ఒకదాని పాలిఫనీ (ఒకేసారి మోగగల స్వరాల సంఖ్య) 64, ఇంకోదానిది 192. పెద్ద అంకె ఉన్నదే మేలు కదా?

ఎడమచెయ్యి: 192దే తీసుకోండి. పెడల్ తొక్కి ఉంచితే పాత స్వరాలు మోగుతూనే ఉంటాయి, కొత్తవి వచ్చి చేరతాయి. స్టీరియో శాంపిల్స్‌లో, అంటే కుడి ఎడమలకు విడిగా రికార్డు చేసిన శబ్దాల్లో, చాలాసార్లు ఒక్కో స్వరం రెండు లెక్క. అంటే 64 కాస్తా 32. అది దాటితే పాతవి మధ్యలోనే తెగిపోతాయి.

నల్లమెట్టు: లెక్క సరైనదే అండీ. కానీ ఏడాది నేర్చుకున్న పిల్ల ఆ హద్దు దాకా రావడానికి టైం పడుతుంది. కీస్ మాత్రం మొదటి రోజు నుంచే వేళ్లకు తగులుతాయి. నేను అంకెలు చూసే కొన్నాను. నల్ల కీస్ మధ్యలోకి వేలు వెళ్తే చాలు, తెల్ల కీ మొండికేసేది. లోపల కీ ఊగే ఇరుసు కీ ముందు అంచుకు మరీ దగ్గరగా ఉంటే అక్కడ బరువెక్కుతుంది. మెల్లగా నొక్కితే స్వరం పలకదు, కాస్త బలం పెడితే ఠక్కున అరుస్తుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి నెలలు పట్టింది.

రోలాండ్ ఎఫ్‌పీ-10 చూడండి. పాలిఫనీ 96 మాత్రమే. ఎఫ్‌పీ-30ఎక్స్‌లో 256. కీస్ మాత్రం రెండింటిలోనూ ఒకటే, రోలాండ్ వాళ్ల పీహెచ్ఏ-4 అనే కీ మెకానిజం. శబ్దం చాలకపోతే రేపు యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి పియానో సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు. కీస్ మార్చుకోలేం కదా!

ఎడమచెయ్యి: కీస్ విషయం ఒప్పుకుంటాను. మరి పెడల్? చాలావాటితో వచ్చే చిన్న పెడల్ వట్టి స్విచ్. తొక్కితే ఆన్, వదిలితే ఆఫ్. సగం తొక్కితే సగమే మోగే హాఫ్ పెడల్ పియానోలోనే ఉండాలి, తర్వాత తగిలించలేం.

నల్లమెట్టు: నిజమే, అది నేను వదిలేశాను. హాఫ్ పెడల్ ఉందో లేదో మాన్యువల్‌లో తప్పకుండా చూసుకోండి. షాపులో ముందు సౌండ్ పూర్తిగా తగ్గించి నొక్కి చూడండి, టపటప ఎంత వస్తుందో తెలుస్తుంది. తర్వాత ఒక కీని నొక్కి, సగమే పైకి రానిచ్చి మళ్లీ నొక్కండి. కీ కదలికను పట్టే సెన్సార్లు ఒక్కో కీకి మూడు ఉన్నదైతే చాలావరకు పలుకుతుంది. పాపనే కూర్చోబెట్టండి, వేళ్లు తనవి.

కొత్తశ్రుతి: శనివారం తనను తీసుకెళ్తున్నాం. రెండింటి మీదా అరగంట చొప్పున, తనకి వచ్చిన పాటలే వాయించమంటాను.